చిరుత పేరున్న ఏనుగు

ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు గోడల రంగు చూస్తారు, గుమ్మాల చెక్క చూస్తారు, వంటింటి గట్టు ఎంత ఎత్తుందో చూస్తారు. పునాది సంగతి మాత్రం ఎవరూ అడగరు. కంటికి కనపడదు కదా! గోడ బీటలు వారిన రోజున గానీ అది గుర్తుకి రాదు.

కార్లకి కూడా పునాది ఉంటుంది. మోటారు కంపెనీలవాళ్ళు దాన్ని ప్లాట్‌ఫారం అంటారు. ప్లాట్‌ఫారం అనగానే మనకి రైలూ, కూలీ, మట్టి ముంతలో టీ గుర్తొస్తాయి గానీ, ఇది వేరు. కారు పైనున్న తలుపులూ, సీట్లూ, తళుకుబెళుకులూ అన్నీ ఊడదీస్తే అడుగున ఇనప చట్రం, ఇరుసులు, స్ప్రింగులు, ఇంజను కూచునే చోటు మిగులుతాయి. ఆ మొత్తం అమరికకే ఆ పేరు. ఒక్కసారి అది కుదిరిందంటే దానిమీద రకరకాల కార్లు కట్టుకోవచ్చు. ఒకే పిండితో ఇడ్లీ, అట్టు, పునుగులు వేసినట్టే. తినేవాళ్ళకి మూడు ఫలహారాలు. రుబ్బిన ఆవిడకి మాత్రం ఒకటే పిండి.

అమెరికాలో ఫోర్డు కంపెనీ 1978లో అలాంటి పిండి ఒకటి రుబ్బింది. లోపల్లోపల దానికి పెట్టుకున్న పేరు ‘పాంథర్’. అంటే చిరుతపులి. పేరు చూసి మోసపోకండి! పదిహేడు, పద్ధెనిమిది అడుగుల పొడవు, ముందు ముగ్గురూ వెనక ముగ్గురూ కూచునే వెడల్పు సీట్లు, పెళ్ళివారి సామానంతా మింగేసే డిక్కీ, గతుకుల్లో పడవలా ఊగుతూ సాగే నడక. ఏ వైపు నించి చూసినా ఇది ఏనుగే. అయిదేళ్ళో పదేళ్ళో ఉంటుందనుకున్న ఆ ఏనుగు ముప్ఫైమూడేళ్ళు బతికింది.

కార్ల గొడవ మగవాళ్ళది, మనకెందుకూ అంటారేమో. నాకు మాత్రం ఇందులో మన ఇళ్ళల్లో జరిగే కథే కనిపించింది. ‘ఇంకెంత కాలంలే’ అని ఒక మనిషిని పక్కన పెట్టేస్తారు. తర్వాత ఇంటి చాకిరీ అంతా ఆ మనిషి చేతే చేయించుకుంటారు. అలాంటివి మనం ఎన్నిళ్ళల్లో చూడలేదు?

ముందు పుట్టింటి సంగతి చెప్పాలి. ఫోర్డు ఇంట్లో ముగ్గురక్కచెల్లెళ్ళు: ఫోర్డు, మెర్క్యురీ, లింకన్. ఫోర్డు నెలజీతగాళ్ళకీ, రైతులకీ. జీతం పెరిగి నలుగురిలో కాస్త పేరొచ్చాక మెర్క్యురీ. బ్యాంకులో నిలవా, ఊళ్ళో హోదా రెండూ కుదిరాక లింకన్. కుటుంబం ఎంతవరకు ఎదిగిందో వాకిట్లో నిలబడ్డ కారే చెప్పేది, మన మెళ్ళో గొలుసు పేటలు పెరిగినట్టు.

ఈ ముగ్గురిలో లింకన్ ఆ ఇంట పుట్టింది కాదు, దత్తత వచ్చింది. అంతకుముందే కాడిలాక్ కంపెనీని నిలబెట్టిన హెన్రీ లీలండ్ అనే పెద్దమనిషి, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో 1917లో విమానాల ఇంజన్లు తయారుచెయ్యడానికి ఇంకో కంపెనీ పెట్టాడు. తన జీవితంలో మొదటి ఓటు అబ్రహాం లింకన్‌కి వేశాడట. ఆ అభిమానంతో కంపెనీకి ఆయన పేరే పెట్టుకున్నాడు. యుద్ధం అయిపోయాక కార్లు చెయ్యబోయి అప్పుల్లో మునిగాడు. 1922లో హెన్రీ ఫోర్డు 80 లక్షల డాలర్లకి దాన్ని కొన్నాడు. అయితే ఖరీదైన కార్లంటే మోజు ఆ తండ్రికి లేదు, కొడుకు ఎడ్సెల్‌కి ఉండేది. లింకన్‌కి అందం తెచ్చిందీ, 1938లో మెర్క్యురీని మొదలుపెట్టిందీ ఎడ్సెలే. తండ్రి పొడ కింద నలిగిపోయి, 1943లో నలభైతొమ్మిదేళ్ళకే కన్నుమూశాడు పాపం.

లింకన్ కార్లలో ఒకదాన్ని ‘టౌన్ కార్’ అంటారు. ఆ పేరు వెనక కథ వినండి. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో గొప్పింటివాళ్ళ బళ్ళలో వెనక యజమానులు కూచునే చోటు చిన్న గదిలా ఉండేది. దానికి కప్పు, అద్దాలు, పరదాలు అన్నీ ఉండేవి. ముందు డ్రైవరు కూచునే చోటుకి కప్పుండేది కాదు. వానొచ్చినా మంచు కురిసినా అతగాడు తడవాల్సిందే. అలాంటి బండిని టౌన్ కార్ అనేవాళ్ళు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు దీంతో పని పడుతుంది.

ఇక అసలు కథ. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. అంతవరకు పెట్రోలంటే పంపు నీళ్ళలా వాడుకున్న జనం బంకుల ముందు గంటల తరబడి బారులు తీరారు. అప్పటి పెద్ద కార్లు గాలనుకి పది పన్నెండు మైళ్ళు నడిస్తే గొప్ప. మన లెక్కలో లీటరుకి నాలుగైదు కిలోమీటర్లన్నమాట. అక్కడి ప్రభుత్వం మేలుకుని 1975లో ఒక చట్టం తెచ్చింది. ఏ కంపెనీ అయినా సరే, తను అమ్మే కార్లన్నిటి సగటు తీస్తే 1978 నాటికి గాలనుకి 18 మైళ్ళు, 1985 నాటికి 27.5 మైళ్ళు రావాలి. లేకపోతే జరిమానా.

పెద్ద కంపెనీ జనరల్ మోటార్స్ ముందే జాగ్రత్తపడి 1977లో తన పెద్ద కార్లన్నిటినీ చిన్నవి చేసేసింది. ఫోర్డు ఆ పని వెంటనే చెయ్యలేకపోయింది. చేతగానిదాన్ని గొప్పగా చెప్పుకోవడం వ్యాపారంలో ఒక విద్య కదా! ‘మా కారు పరిమాణం తగ్గలేదు చూసుకోండి’ అన్న ధోరణిలో రెండేళ్ళు ప్రకటనలు వేసింది. లోపల మాత్రం హడావిడిగా కత్తెర పట్టుకునే కూచుంది. ఆ కత్తిరింపులోంచి వచ్చిందే పాంథర్.

1978 చివర్లో ఈ కొత్త పునాదిమీద ముందు ఫోర్డు ఎల్.టి.డి., మెర్క్యురీ మార్క్విస్ వచ్చాయి. ఆ తర్వాత ఏడాది 1980 మోడల్ లింకన్ వచ్చింది. పాత లింకన్ పంధొమ్మిదిన్నర అడుగుల కారు. కొత్తది ఒక అడుగుకి పైగా తగ్గింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం దాదాపు పది అంగుళాలు కుదించారు. బరువు వందల కిలోల లెక్కన దిగింది. ఇంతా చేసి లోపల కూచున్నవాళ్ళకి ఇరుకనిపించకూడదు! ఆరు గజాల చీరలో ఓ గజం మిగిల్చి, కుచ్చిళ్ళు మాత్రం తగ్గకుండా కట్టడం లాంటి పని అది. కొలతలు తీసినవాళ్ళు బాగానే తీశారు.

కొలతలు కుదిరాయి గానీ ముహూర్తం కుదరలేదు. 1978 జూలైలోనే, కార్లు బయటికి రాకముందే, కంపెనీ అధ్యక్షుడు లీ అయకోకాని వ్యవస్థాపకుడి మనవడు రెండో హెన్రీ ఫోర్డు ఉద్యోగంలోంచి తీసేశాడు. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చింది. మళ్ళీ చమురు కటకట, బంకుల ముందు మళ్ళీ బారులు. సన్నబడిందని సంతోషిస్తే, సన్నబడ్డ ఏనుగైనా ఏనుగే కదా, ఎవరు మేపుతారు అన్నారు జనం. 1980 నించి 1982 దాకా మూడేళ్ళలో ఫోర్డు కంపెనీ 300 కోట్ల డాలర్లకి పైగా నష్టపోయింది.

అప్పుడే పెద్దలు తేల్చేశారు. ఇక రాబోయేవన్నీ చిన్న కార్లు, ముందు చక్రాలతో లాగే కార్లు. పాంథర్ ఉన్నన్నాళ్ళు ఉంటుంది, దానిమీద కొత్తగా డబ్బు తగలెయ్యొద్దు. అంతటితో ఆగలేదు. మంచి పేర్లన్నీ ఒలిచి చిన్నవాటికి పెట్టారు. 1982లో ‘కాంటినెంటల్’ అన్న ఘనమైన పేరు తీసి చిన్న లింకన్‌కి ఇచ్చారు. 1983లో ‘ఎల్.టి.డి.’ అన్న పేరు తీసి చిన్న ఫోర్డుకి పెట్టారు. పెద్ద ఫోర్డుకి ‘క్రౌన్ విక్టోరియా’ అన్న తోకపేరూ, పెద్ద మెర్క్యురీకి ‘గ్రాండ్ మార్క్విస్’ అన్న పేరూ, పెద్ద లింకన్‌కి ఆ పాతకాలపు ‘టౌన్ కార్’ అన్న పేరూ మిగిలాయి. నగలన్నీ కొత్త కోడలికి పెట్టి, పెద్దావిడకి మట్టిగాజులు ఉంచినట్టు.

మనం ఒకటి తలుస్తాం, రోజులు ఒకటి తలుస్తాయి. ఎనభైల నడుమ చమురు ధర దిగిపోయింది. చిన్న కార్లలో మోకాళ్ళు ముడుచుకుని విసిగిపోయిన పెద్దవాళ్ళు మళ్ళీ పెద్ద కారు కోసం వెతకడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు, 1985లో, జనరల్ మోటార్స్ తన కాడిలాక్‌నీ, బ్యూక్‌నీ, ఓల్డ్స్‌మొబైల్‌నీ ఇంకా కుదించి, మూడూ ఒకేలా కనపడేట్టు తయారుచేసింది. లింకన్‌వాళ్ళు ఊరుకుంటారా? టీవీలో ఒక ప్రకటన వేశారు. పెద్ద విందు ముగిసి ఆసాములు బయటికొస్తారు. కార్లు తెచ్చిపెట్టే కుర్రాడు ఒక్కొక్కటే తెస్తుంటే, ‘నాది కాడిలాక్ కదా, ఇది బ్యూకా?’ అని అందరూ తికమకపడుతుంటారు. ఇంతలో టౌన్ కార్ వస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ పొరపాటు పడలేదు. ఆ ఏడాది టౌన్ కార్లు లక్షకి పైగా అమ్ముడయ్యాయి.

పక్కన పెట్టినావిడ సంపాదన తెస్తుంటే ఎవరు కాదంటారు? 1990లో టౌన్ కార్‌కి కొత్త చీర కట్టారు. ఆ ఏడాది మోటర్ ట్రెండ్ పత్రిక దాన్నే మేటి కారుగా ఎంచింది. 1991లో కొత్త ఎనిమిది సిలిండర్ల ఇంజను ముందు దానికే పెట్టారు. 1992లో క్రౌన్ విక్టోరియాకి కొత్త రూపం వచ్చింది. మీదంతా కొత్తదే, అడుగున పునాది మాత్రం 1978దే.

ఈ పునాది గొప్పతనం ఏమిటో ఇప్పుడు చెప్పాలి. లారీ కొన్న ఇళ్ళల్లో వాళ్ళకి తెలిసే ఉంటుంది. కంపెనీ ఇచ్చేది చాసిస్ మాత్రమే, దానిమీద బాడీ వేరే కట్టించుకోవాలి. పూర్వం కార్లు కూడా అలాగే చేసేవారు. కింద గట్టి ఇనప చట్రం, దానిమీద బోల్టులతో బిగించిన బాడీ. తర్వాత్తర్వాత చట్రమూ బాడీ ఒకటే పెట్టెలా అతికించి చెయ్యడం వచ్చింది. అది తేలిక, పెట్రోలు ఆదా. కానీ గట్టి దెబ్బ తగిలితే పెట్టె మొత్తం వంకరపోతుంది. చట్రమున్న కారుకి దెబ్బ తగిలితే సొట్టపడ్డ రేకు విప్పి వేరేది బిగించుకోవచ్చు. ఫుట్‌పాత్ ఎక్కించినా, గుంటలో దించినా చట్రం ఓర్చుకుంటుంది. ఇంజను ముందు, లాగే చక్రాలు వెనక, మధ్యలో అన్నీ విడివిడిగా మెకానిక్ చెయ్యి పట్టేంత చోటులో. ఇత్తడి బిందె లాంటి వస్తువు అన్నమాట. సొట్ట పడితే కొట్టించుకోవచ్చు, మాటు వేయించుకోవచ్చు. బరువని ప్లాస్టిక్ బిందెకి మారినవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

ఆ విలువ తెలిసినవాళ్ళు ఇద్దరు: పోలీసులు, టాక్సీవాళ్ళు. జనరల్ మోటార్స్‌లో కూడా ఇలాంటి చట్రపు కార్లుండేవి. పోలీసులు వాటినీ బాగానే కొనేవారు. కానీ 1996లో ఆ కంపెనీ టెక్సస్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో వాటి తయారీ ఆపేసి, ఆ ఫాక్టరీని లాభాలెక్కువొచ్చే ట్రక్కుల వైపు తిప్పుకుంది. చెకర్ అనే పాత టాక్సీల కంపెనీ 1982లోనే తయారీ మానేసింది. న్యూయార్కులో ఆఖరి చెకర్ టాక్సీ 1999లో విశ్రాంతి తీసుకుంది. అలా మైదానంలో క్రౌన్ విక్టోరియా ఒక్కటే మిగిలింది. దేశమంతటా పోలీసు కారంటే అదే. న్యూయార్కులో పసుపు టాక్సీ అంటే అదే. పోలీసులు వాడి వేలం వేసిన కార్లని కొని, రంగు మార్చి చిన్న ఊళ్ళలో టాక్సీలుగా ఇంకో జన్మ ఎత్తించేవారు.

న్యూయార్కు టాక్సీ బతుకు ఎలాంటిదో చూడండి. పగలు పన్నెండు గంటలు ఒకరు, రాత్రి పన్నెండు గంటలు ఇంకొకరు. బండి చల్లారే ప్రశ్నే లేదు. నడిపేవాళ్ళలో చాలామంది పరాయి దేశాల నించి వచ్చినవాళ్ళు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, మన పంజాబు, హైతీ, ఆఫ్రికా దేశాలు. చదువుకున్న చదువు అక్కడ చెల్లక స్టీరింగ్ పట్టినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఆ పసుపు కారు వాళ్ళకి అన్నం గిన్నె. అది రిపేరుకి షెడ్డులో ఉన్న రోజు ఇంట్లో పొయ్యి మీద సందేహం. కారు తేలిగ్గా బాగుపడడమంటే ఏమిటో వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళనడగాలి.

టౌన్ కార్ సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. యజమాని లోపల వెచ్చగా, డ్రైవరు బయట వానలో ఉండే బండి పేరు అది. ఆ పేరున్న కారు తొంభైలకల్లా నల్లరంగు అద్దెకారైంది. విమానాశ్రయాల బయట, హోటళ్ళ ముందు, ఆఫీసుల దగ్గర వరసకట్టి నిలబడేవి టౌన్ కార్లే. వాటిని నడిపేవాళ్ళలో చాలామంది సొంతంగా, అప్పు చేసి కొనుక్కున్నవాళ్ళు. వెనక కూచునే దొర పది నిమిషాల దొర. ముందు కూచున్న డ్రైవరే దానికి అసలు యజమాని. ఒక పేరు ఇంతగా తిరగబడ్డం చరిత్రలో తరచు జరగదు. మైకేల్ కానలీ అనే రచయిత 2005లో రాసిన నవలలో ఒక వకీలు టౌన్ కార్ వెనక సీటునే తన ఆఫీసు చేసుకుంటాడు. నవల రాసేవాళ్ళకి తెలుసు, ఒక వస్తువు కథలోకి వచ్చిందంటే అది జనం బతుకులోకి ముందే వచ్చేసిందన్నమాట.

టౌన్ కార్‌ని నడుమ కోసి, పొడవు పెంచి లిమోసిన్లు చేసేవాళ్ళు. పెళ్ళికూతుర్ని చర్చికి తీసుకెళ్ళిందీ అదే. వెనక భాగం మార్చి మనిషిని ఆఖరి మజిలీకి తీసుకెళ్ళిందీ అదే. కోసినా అతికినా ఓర్చుకునే ఆ చట్రమే లేకపోతే ఇవేవీ కుదిరేవి కావు.

ఈ కథలో ఒక నవ్వులాట కూడా ఉంది. మైలేజీ చట్టం దేశవాళీ కార్లకి ఒక సగటు, విదేశీ కార్లకి ఇంకో సగటు తీస్తుంది. విడిభాగాల్లో నూటికి డెబ్భై అయిదో వంతు స్వదేశానివైతేనే దేశవాళీ కారు కింద లెక్క. తన దేశవాళీ సగటు ఈ ఏనుగు వల్ల చెడిపోతోందని ఫోర్డు ఒక ఉపాయం పన్నింది. 1992 క్రౌన్ విక్టోరియాకి కావాలనే కొన్ని భాగాలు పరాయి దేశాల నించి తెప్పించి ఆ గీత కిందకి దించింది. అంతే! అమెరికా పోలీసులు నడిపే కారు కాగితాల మీద విదేశీ కారైపోయింది. ఆదాయప్పన్ను కోసం ఉమ్మడి ఇంట్లో వేరు కాపరం చూపించే మనవాళ్ళకి ఈ తెలివి కొత్తేం కాదు.

నవ్వులాట అయింది, ఇప్పుడు కన్నీళ్ళ సంగతి. పాంథర్ కార్లకి పెట్రోలు టాంకు వెనక ఇరుసుకి అవతల, డిక్కీ వైపు ఉండేది. పాతకాలం పద్ధతి అది. పోలీసుల ఉద్యోగం ఎలాంటిది? వేగంగా బళ్ళు పోయే రోడ్డు పక్కన కారు ఆపి నిలబడాలి. వెనక నించి ఎవరైనా వేగంగా వచ్చి గుద్దితే టాంకు చిరిగి మంటలు లేచేవి. అలా ఏళ్ళమీద పదిమందికి పైగా పోలీసులు సజీవంగా కాలిపోయారు. 2001 మార్చిలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో ఒక పోలీసు ఉద్యోగి కారుని వెనక నించి టాక్సీ గుద్దింది. ముఖమంతా కాలి, ఎన్నో ఆపరేషన్ల తర్వాత ఆయన బతికి బయటపడ్డాడు.

ఆ రాష్ట్రం గట్టిగా పట్టుకుంది. అంత వేగంగా గుద్దితే ఏ కారైనా తట్టుకోలేదంది కంపెనీ. కేంద్ర రహదారి భద్రతా సంస్థ 2002 అక్టోబరులో దర్యాప్తు ముగించి, లోపం ఉందని తేల్చలేదు. అయినా అంతకు నెల ముందే కంపెనీ పోలీసు కార్ల టాంకుల చుట్టూ కవచాలు బిగించడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి మంటలార్పే పరికరం కూడా కావలసినవాళ్ళకి అమర్చి ఇచ్చింది. ఇదే కంపెనీ పింటో అనే చిన్న కారు టాంకు గొడవ మీద 1978లో పదిహేను లక్షల కార్లని వెనక్కి పిలిచింది. అదే ఏడాది వచ్చిన పాంథర్‌కి కవచం తొడగడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పాతదైనా గట్టిదని మెచ్చుకునే నోటితోనే, పాతది కదా అని దాని లోపాన్ని కూడా పాతబడనిచ్చారని అనక తప్పదు. పక్కన పెట్టిన మనిషి చేత పని చేయించుకుంటాం గానీ, ఆవిడ మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళతాం?

ఎందుకంటే డబ్బంతా అప్పటికి వేరే చోటికి పోతోంది. 1990లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్, 1997లో వచ్చిన లింకన్ నావిగేటర్ లాంటి జీపు తరహా పెద్ద బళ్ళమీద జనానికి వ్యామోహం పుట్టింది. తమాషా ఏమిటంటే, పెట్రోలు ఎక్కువ తాగుతుందని పాంథర్‌ని ఈసడించిన కాలమే అంతకన్నా ఎక్కువ తాగే ఆ బళ్ళని నెత్తిన పెట్టుకుంది. పాంథర్ ఆర్జించి పెడుతూనే ఉంది. 2003లో చట్రాన్నీ స్టీరింగునీ బాగుచేశారు, ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2008 మోడల్ నించి క్రౌన్ విక్టోరియాని అమెరికాలో మామూలు జనానికి అమ్మడం కూడా మానేశారు. పోలీసులకీ, టాక్సీలకీ మాత్రమే. అంటే ఇంక ముందు గదిలోకి రానివ్వలేదు, పెరటి గుమ్మంలోంచే రాకపోకలు.

తర్వాత ఒక్కొక్క దీపమే ఆరింది. లింకన్ కార్లు పుట్టిన మిచిగన్ రాష్ట్రపు విక్సమ్ ఫాక్టరీ 2007లో మూతపడింది. టౌన్ కార్ తయారీ కెనడాలో అంటారియో రాష్ట్రం సెయింట్ థామస్ దగ్గరున్న ఫాక్టరీకి మారింది. మిగతా ఇద్దరక్కచెల్లెళ్ళూ అప్పటికే అక్కడ ఉన్నారు. ముగ్గురూ ఆఖరి రోజుల్లో ఒకే కప్పు కింద చేరారన్నమాట. 2011 జనవరి 4న ఆఖరి గ్రాండ్ మార్క్విస్ తయారైంది. దాంతో మెర్క్యురీ అన్న పేరే లేకుండా పోయింది. ఆగస్టు 29న ఆఖరి టౌన్ కార్.

ఆ సెప్టెంబరు ఒకటో తారీకు నించి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ప్రతి కారులోనూ జారిపోకుండా నిలబెట్టే ఒక ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉండాలని చట్టం వచ్చింది. పాంథర్‌లో అది లేదు. పెట్టడానికి ఎవరూ డబ్బు ఖర్చుపెట్టలేదు. అందుకే 2011 సెప్టెంబరు 15న తయారైన చిట్టచివరి క్రౌన్ విక్టోరియా అమెరికాకి వెళ్ళలేదు. సౌదీ అరేబియాకి ఓడెక్కింది. ఆ రోజే ఆ ఫాక్టరీ కూడా మూతపడింది. వెయ్యిమందికి పైగా పనివాళ్ళు ఇంటి దారి పట్టారు. 1967 నించి ఆ ఊరికి అన్నం పెట్టిన చోటది. తండ్రులు చేసిన పనిలోకి కొడుకులు, కూతుళ్ళు వచ్చిన చోటు. తర్వాత దాన్ని పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు అమెజాన్ వాళ్ళ పెద్ద గోదాము ఉంది.

కారు ఆపేస్తారని తెలియగానే కొన్ని ఊళ్ళ పోలీసులు ముందుగానే కొని దాచుకున్నారు. ఊరగాయ దొరకదని తెలిస్తే మనం జాడీలు నింపుకోమూ, అలాగ. న్యూయార్కు నగరం 2011లోనే తన కొత్త టాక్సీగా జపాన్ కంపెనీ నిస్సాన్ చేసిన వేనుని ఎంచుకుంది. పసుపు క్రౌన్ విక్టోరియాలు ఆ వీధుల్లోంచి ఒక్కొక్కటే తప్పుకున్నాయి.

ఎడారి దేశాల్లో మాత్రం ఈ కార్లకి మొదటినించీ ఆదరణ ఉండేది. చమురుకి కొదవలేదు, ఇళ్ళు పెద్దవి, కుటుంబాలు పెద్దవి, ఎండకి తగ్గ ఏసీ. అక్కడి ఇళ్ళల్లో డ్రైవర్లుగా కుదిరినవాళ్ళలో మన కడప, గోదావరి, కరీంనగర్ జిల్లాల మగపిల్లలు వేలమంది ఉన్నారు. అరబ్బులు చమురు ఆపేస్తే పుట్టిన కారు, ఆఖరి రోజున చమురు దేశానికే కాపరానికి వెళ్ళింది. అమెరికా ధనవంతుడి హోదా కోసం గీసిన బొమ్మ, ఎవరి చేతుల కింద ఎక్కువ కాలం బతికిందీ అంటే, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపాల్సిన మనుషుల చేతుల కింద. దాన్ని తయారుచేసినవాళ్ళు అద్దాల మెరుపుకి వెల కట్టారు. నడుపుకున్నవాళ్ళు అడుగున ఉన్న చట్రానికి దణ్ణం పెట్టుకున్నారు.